గేటు బయటి కుండ

ఆకుకూరల అవ్వ పోయిందన్న వార్త మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. వెంటనే దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసకట్టాయి. ఆ చేతుల్లో ఒక్కటి కూడా ఆమె కోసం గేటు తీసింది లేదు. అందుకే ఈ నాలుగు మాటలు గ్రూపులో కాకుండా ఇక్కడ రాస్తున్నాను.

శామీర్‌పేట దాటాక మా విల్లాల ప్రహరీగోడను ఆనుకుని రేకుల గదులున్నాయి. రిజర్వాయరు కింద ఊళ్లు మునిగిపోయిన కుటుంబాలు అక్కడ అద్దెకుంటున్నాయి. ప్రభుత్వం వాళ్లను నిర్వాసితులంటుంది. మా సంఘం అధ్యక్షుడు "ఆ షెడ్లవాళ్లు" అంటాడు. అవ్వ అక్కడి నుంచే గంపతో వచ్చి పాలకూర, గంగవాయిలి కూర అమ్మేది. ఆమెకు షుగరు, బీపీ రెండూ ఉండేవి. నాకూ షుగరే, ఆ చుట్టరికంతోనే మాకు మాట కలిసింది. నేను మాత్ర మరిచిపోయానంటే కూర ఇవ్వకుండా గంప మీద గుడ్డ కప్పేసేది.

"ముందుగాల పోయి గోలి మింగిరా. నీకు ఫ్రిజ్జున్నది, ఏసీ ఉన్నది, యాది మాత్రం లేదు" అనేది. ఫీజు తీసుకునే డాక్టరు కూడా నన్ను అంత శ్రద్ధగా తిట్టలేదు.

సర్కారు దవాఖానకు మొదటిసారి ఆమెతో నేనే వెళ్లాను. కొత్తగా వచ్చిన డాక్టరు కార్డు తిప్పి చూసి, "అడ్రసు ఇక్కడిది కాదు కదమ్మా, మీ ఊరి దవాఖానకే వెళ్లాలి" అన్నాడు.

"మా ఊరి దవాఖాన మీద ఇప్పుడు చేపలు వడుతున్రు సారూ. నాకు ఈత రాదు" అంది అవ్వ.

ఆయన నవ్వలేదు గానీ ఇన్సులిన్ రాశాడు. ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. రేకుల గదిలో ఫ్రిజ్ ఎక్కడిదని అడగాలని ఆయనకు తోచలేదు.

మా ఇంట్లో పెట్టుకోమన్నాను. పొద్దునా రాత్రీ తినేముందు సూది వేసుకోవాలి. సాయంత్రం ఏడు దాటితే బయటివాళ్లు లోపలికి రాకూడదని సంఘం నియమం. అధ్యక్షుణ్ణి అడిగాను.

"సెక్యూరిటీ ప్రాబ్లమ్ అండీ మేడం. ఇవాళ ఆవిడొస్తుంది, రేపు అందరూ వస్తారు. మనం ఇంత మెయింటెనెన్స్ కడుతున్నాం కదండీ" అన్నాడు. మెయింటెనెన్స్ దేనికి కడుతున్నామో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

పోనీ నేనే గేటు దాకా తెచ్చిస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. "నీ గోలే నీకు యాదుండదు. నా పానం నీ చేతుల వెడితే అయినట్టే" అంది.

అలా వచ్చింది కుండ. పెద్ద కుండలో చిన్న కుండ, నడుమ తడి ఇసుక, పైన తడిగుడ్డ; తడి ఆరకుంటే లోపల చల్లగా ఉండేది. షెడ్లలో ఇన్సులిన్ వాడేవాళ్లంతా సీసాలు అందులోనే పెట్టుకునేవాళ్లు. అవ్వ కూరకు వెళ్లేముందూ తిరిగొచ్చాకా దాని మీద నీళ్లు చల్లేది. "పసిపిల్ల లెక్క జూసుకోవాలె, దూప గాకుండ" అనేది.

మొన్నటి ఎండాకాలంలో మా సంఘానికి షెడ్లవాళ్ల మీద ప్రేమ పుట్టి ఉచిత షుగరు శిబిరం పెట్టింది. బ్యానరులో సగం అధ్యక్షుడి ముఖమే. ఒక డైటీషియన్ వచ్చి ఓట్స్ తినమనీ, రోజూ పార్కులో నడవమనీ చెప్పింది. ఆ పార్కు మా గేటు లోపల ఉంది. పరీక్ష అయినవాళ్లందరికీ లడ్డూలు పంచారు. షుగరు శిబిరంలో లడ్డూలు పంచాలన్న ఆలోచన మామూలు బుర్రకు రాదు. అవ్వ తన లడ్డూను అధ్యక్షుడి చేతికే తిరిగిచ్చింది. "నువ్వే తిను బిడ్డా, నీకింక షుగరు రాలే గద" అంది.

అసలు ఘనకార్యం అప్పటికే జరిగిపోయింది. ముఖ్య అతిథి వస్తున్నాడని పొద్దున్నే మనుషులను పంపి, నిలవనీళ్లలో దోమలు పెరుగుతాయంటూ షెడ్ల ముందు కుండలన్నీ బోర్లింపజేశారు. అవ్వ మేడ్చల్ మార్కెట్ నుంచి కూర తెచ్చుకుని నేరుగా శిబిరానికే వచ్చింది. ఇంటికి పోయి చూసేసరికి సీసాలన్నీ మిట్టమధ్యాహ్నపు ఎండలో గది ముందు రేకు మీద పడి ఉన్నాయి. కడిగి మళ్లీ కుండలో పెట్టింది. చూడ్డానికి మందు మందులాగే ఉంది మరి.

ఆ మందునే రోజూ పొడుచుకుంది. షుగరు దిగలేదు. దవాఖానలో "తీపి తింటున్నావా" అని గద్దించారు గానీ, మందు ఎక్కడ పెట్టుకుంటున్నావని ఎవరూ అడగలేదు. తప్పు తనదేననుకుని అవ్వ సగం అన్నం మానేసింది. కాలి మీది చిన్న పుండు మానలేదు. నాకు తెలిసేసరికి అది మడమ దాకా పాకింది.

"అందరు నా నోటినే అన్నరు బిడ్డా, కుండ సంగతి ఎవ్వలడగలే" అంది ఆసుపత్రి మంచం మీద. "గా మందు ఎండకు ఉడికినట్టున్నది. మా షెడ్లోళ్లకు జెప్పు, గవి పారేసి కొత్తయి తెచ్చుకోమను."

చెప్పాను. కొత్త మందు తెచ్చుకున్నారు, వాళ్లు బాగానే ఉన్నారు. ఆమె తిరిగి రాలేదు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. అది తగ్గాలని కూడా నాకు లేదు.

సంతాప సభలో అధ్యక్షుడు ఆమెను "మన కాలనీ కుటుంబ సభ్యురాలు" అన్నాడు. ఆమె ఫొటోతో గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. పక్కన తన ఫొటో కూడా వేయించుకున్నాడు. రెండు రోజులు తిరక్కుండానే ఫ్లెక్సీ మాయమైంది. ఎవరు తీశారని గ్రూపులో ఇంకా గోల చేస్తూనే ఉన్నారు.

అది ఎక్కడుందో నేను చూశాను గానీ గ్రూపులో చెప్పను. షెడ్ల వెనక కొత్త కుండకు నీడగా, నాలుగు కర్రలకు కట్టి ఉంది. ఎండంతా అధ్యక్షుడి మొహం మీద పడుతోంది. కింద కుండ మీద గుడ్డ తడిగా ఉంది.