తిన్నాకే చెప్పాలి

ఎనభైల మొదట్లో కువైట్‌లో, షర్క్ చేపల బజారు వెనక సందులో మా హోటలుండేది. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. కుర్చీలు వేసే చోటు కూడా లేదు. గోడ పొడవునా ఒక చెక్క బల్ల, దాని ముందు నిలబడి తినేవాళ్లు. వంకాయ కొత్తిమీర కారం, గుడ్డు పొరటు, చేపల ఇగురు, మజ్జిగ పులుసు, అన్నీ చిన్న చిన్న ప్లేట్లలో పెట్టేదాన్ని. నాలుగు రకాలు నోట్లో పడితే గానీ మగాళ్లకి ఇల్లు గుర్తు రాదు మరి. వంట నాది, గల్లా మా ఆయనది. టీ కాచడం తప్ప పొయ్యి దగ్గర ఆయనకి ఇంకో విద్య రాదు.

హోటలు పెట్టిందే మా పిల్ల కోసం. దాన్ని అమలాపురంలో మా అక్క దగ్గర వదిలి వచ్చాం. హోటలు నిలదొక్కుకుంటే, మాకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్‌ని బతిమాలి దానికీ కాయితాలు చేయించి తెచ్చుకోవాలి. ఆ ఆశ మీదే ఆ ఎండల్లో పొయ్యి ముందు నిలబడ్డాను. దానికని ఒక బుల్లి స్టీలు కంచం కొని, పేరు కొట్టించి, గోడకి మేకు మీద తగిలించాను. అందులో ఎవరికీ ఏమీ పెట్టనిచ్చేదాన్ని కాదు.

పక్క కొట్టులో ఫోనుండేది కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఊరి కబుర్లు మా దగ్గరికే వచ్చేవి. చావు కబురైతే మాత్రం నాదొకటే పట్టు. తిన్నాకే చెప్పాలి. చెప్పాక ఇంకెవడు ముద్ద ముడతాడు? అందుకని ముందు కడుపునిండా పెట్టి, చెయ్యి కడుక్కున్నాక మా ఆయన చేత చెప్పించేదాన్ని. రానురాను ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది. జహ్రాలో డ్రైవరు పని చేసే రాయచోటి అతనికి ఒకసారి అడక్కుండా ఇంకో ప్లేటు ఇగురు పెట్టాను. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఏందక్కా, అడగకుండానే ఏస్తాండావు? మా ఊర్లో ఎవురికేమయ్యింది?"

"నోరు మూసుకుని తిను" అని కసిరాను. వాళ్లన్న పోయాడు. ఏడుస్తూనే తిన్నాడు పాపం. మంచి పనే చేశాననుకున్నాను.

ఆ ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం, రద్దీ తగ్గాక, వెనక గిన్నెలు తోముకుని వచ్చేసరికి మా ఆయన పొయ్యి దగ్గరున్నాడు. చందువా చేప వేపుతున్నాడు. చందువా అంటే నాకు ప్రాణం. ఖరీదైన చేప కనక వచ్చేవాళ్లకి పెట్టడమే తప్ప నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఒక వైపు మాడ్చేశాడు. వేడన్నం పక్కన ఆ చేప పెట్టి, కంచం నా ముందుకి జరిపాడు.

"తినవే" అన్నాడు. నా వంక చూడలేదు.

"ఎవరండీ?"

"ముందు తిను."

ఒళ్లు మండిపోయింది. నా పద్ధతి నాకే పెడుతున్నాడు. కంచం తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. మా అక్క అయ్యుండాలి దేవుడా, మా అక్కే అయ్యుండాలి అని మొక్కుకున్నాను. తోడబుట్టిన మనిషి చావు కోరుకున్నాను. అప్పుడు గోడ వంక చూశాను. మేకు ఖాళీగా ఉంది. బుల్లి కంచాన్ని ఆయన దించేశాడు.

ముద్ద కలుపుకున్నాను. నేను చెయ్యి కడుక్కున్నాక గానీ ఆయన చెప్పడు. ఆయన చెప్పేదాకా నా పిల్ల మా అక్క వాకిట్లో ఆడుకుంటూనే ఉంటుంది. మాడిన వైపు కూడా వదలకుండా చేపంతా తిన్నాను.

"ఇంకో ముక్క వెయ్యండి" అన్నాను.