అనుకున్నది నేనే

మా పాపను దింపడానికి చిన్నపిల్లల బడి, ఇక్కడివాళ్ళ మాటలో కిండీ, తలుపు తీయగానే రంగుల వాసన ముఖానికి తగులుతుంది. తడి కాగితం, జిగురు, పిల్లల వానకోట్ల చెమ్మ, అన్నీ కలిసిన వాసన అది. వెంటనే నాకు సుభద్ర ఆంటీ గుర్తొస్తారు. ఒకప్పుడు సాయంత్రాలు ఆవిడ మా వంటింట్లో టీ తాగుతూ కూర్చుంటే స్వెటర్ చేతుల నుంచి ఇదే వాసన వచ్చేది.

వెల్లింగ్టన్ పక్కనే ఉన్న లోవర్ హట్‌లో అప్పుడు మా పక్కిల్లు వాళ్ళది. భర్త పోయాక ఆంటీ కాకినాడ నుంచి కొడుకు శ్రీకాంత్ దగ్గరికి వచ్చేశారు. బీఎస్సీ చదివారు, ఉద్యోగం చేయాలని ఎంతో ఆశ ఉండేదట. భర్తకు బ్యాంకులో ఎప్పుడూ బదిలీలే కావడంతో ఇక ఆ మాట ఎత్తలేదట. ఇక్కడ మనవడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పగలంతా ఇంట్లో ఒక్కరే ఉండేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వెల్లింగ్టన్‌లో నా సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఆగిపోయింది. పొద్దున్నే రైలు కోసం పరుగెత్తడం అలవాటైనదాన్ని, ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళను చూస్తూ ఉండిపోయేదాన్ని. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫంక్షన్లకు వెళ్ళడం మానేశాను. అక్కడ ఎవరైనా పలకరించి ఏం చేస్తున్నావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఉద్యోగం పేరు పక్కన పెడితే నేనెవరో నాకే తెలియడం లేదు.

ఒకరోజు ఆంటీ వచ్చి, చిన్నపిల్లల టీచరు కోర్సులో చేరాలనుకుంటున్నాననీ, దానికి ఇంగ్లిష్ పరీక్ష రాయాలనీ, కాస్త నేర్పగలవా అనీ అడిగారు. నాకూ పొద్దు పోవడం లేదు కాబట్టి సరేనన్నాను. రోజూ మా వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. మాట్లాడటం తొందరగానే వచ్చింది. రాయడం దగ్గరే తడబడేవారు.

సంగతి తెలిసి శ్రీకాంత్ ఓ శనివారం మా ఇంటికే వచ్చాడు. ఈ వయసులో ఆవిడకు ఈ కష్టమెందుకన్నాడు. తల్లి వైపు తిరిగి, "మేం బాగా చూసుకోవడం లేదా అమ్మా?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువగా వినిపించింది.

"చూసుకుంటున్నారు నాన్నా. అందుకే పర్మిషన్ అడగటం లేదు, ధైర్యంగా చెబుతున్నాను," అన్నారు ఆంటీ. ఆ తర్వాత అతనికీ టీ కలిపి ఇచ్చారు. అతను కాదనలేక తాగాడు.

ఆవిడ పరీక్ష తప్పారు. మళ్ళీ రాశారు, మళ్ళీ రాత దగ్గరే ఆగిపోయారు. రెండోసారి ఫలితం వచ్చిన రోజు మా బల్ల దగ్గర కూర్చుని ఏడ్చారు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆ తర్వాతి వారం మనవడి పాత కిండీకి ఆవిడే ఒంటరిగా నడిచి వెళ్ళి, ఏదైనా పని ఉందా అని అడిగారు. పిల్లలకు రంగులు కలిపి ఇవ్వడానికీ, అన్నాల వేళ సాయపడటానికీ వాళ్ళకు మనిషి కావాలి. వెంటనే చేర్చుకున్నారు.

ఆ సాయంత్రం నాకు సంతోషం కంటే జాలే కలిగింది. "టీచరు అవుదామనుకున్నారు కదా ఆంటీ, అది కాలేదే," అన్నాను.

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టారు. "కాలేదమ్మా, బాధే. కానీ అనుకున్నది నేనే కదా. ఇంతకాలం నా గురించి ఎవరెవరో అనుకున్నవే జరిగాయి. అవన్నీ బాగానే జరిగాయి కూడా. కానీ ఇది నాది."

ఆ రాత్రి నా చదువు, నా ఉద్యోగం, అది పోయినందుకు నేను పడ్డ బాధ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఇంజనీరింగ్ నాన్న చెప్పింది. సాఫ్ట్‌వేర్ అందరూ వెళ్ళిన దారి. అవి చెడ్డవని కాదు. అందులో నేను ఎక్కడున్నానో వెతుక్కుంటే దొరకలేదు. దొరికింది ఒక్కచోటే, ఆంటీకి వాక్యం కుదిరినప్పుడు నాలో కలిగిన ఆ చిన్న సంబరంలో.

కొన్నాళ్ళకు నాకు రెండు అవకాశాలు వచ్చాయి. వెల్లింగ్టన్‌లో పాత పనికంటే పెద్ద హోదా ఒకటి, మా ఊళ్ళోనే కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ నేర్పే చిన్న కొలువు ఇంకొకటి. నీ ఇష్టమని మావారు వదిలేశారు. మొదటిది నాకు కావాలో, వచ్చిందని నలుగురికీ చెప్పుకోవడం కావాలో తేల్చుకోవడానికి ఒక రోజంతా పట్టింది. రెండోదే తీసుకున్నాను. బంధువులకు ఏమని చెప్పాలని అమ్మ ఫోన్లో దిగులుపడింది. టీచరని చెప్పమన్నాను.

ఆంటీ వాళ్ళు ఇప్పుడు క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్నారు. ఆవిడ అక్కడ కూడా ఒక కిండీలో చేరారు. కొడుకే కారులో దింపి వస్తున్నాడట.

నా తరగతిలోకి ఏ దేశం నుంచో వచ్చిన కొత్త మనిషి అడుగుపెట్టి, మా ఆయన పంపారనో, మా అబ్బాయి చేర్పించాడనో చెబితే, నేను వెంటనే పుస్తకం తెరవను. మీకేం చేయాలని ఉందో చెప్పమంటాను. చాలామంది వెంటనే జవాబివ్వలేరు. నేను తొందరపెట్టకుండా, వాళ్ళు నోరు విప్పేదాకా ఎదురుగా కూర్చుంటాను.