పెన్సిల్ రాతలున్న పాటల పుస్తకం

మా ఆయన పోయాక చర్చిలో మా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. చుట్టూ అంతమంది పాడుతుంటే ఒంటరితనం ఇంకా ఎక్కువగా ఉంటుంది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్ నుంచి మా అబ్బాయి ప్రతి ఆదివారం వచ్చి నన్ను బైకు మీద తీసుకెళ్తాడు. గేటు దగ్గర దింపి అక్కడే ఆగిపోతాడు. ఆరాధన అయ్యేదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. తండ్రి ఉన్నన్నాళ్లూ ఆయన పక్కన కూర్చుని గొంతెత్తి పాడినవాడే.

కోడలు బెంగాలీ పిల్ల. ఇంకేముంది, తప్పంతా ఆమె మీద వేశాను. ఆమె వండి పంపిన పరమాన్నం మూత తీయకుండా వెనక్కి పంపిన రోజు కూడా ఉంది. ఇలా రెండేళ్లు గడిచాయి.

మొన్న వానల్లో బట్టలకు చెమ్మ పట్టిందేమోనని ట్రంకు తెరిచాను. అడుగున, శాలువాలో చుట్టి, మా ఆయన పాటల పుస్తకం ఉంది. ఆయన గుర్తు కదా, ఎవరి చెయ్యీ పడకూడదని, తెరిచి కూడా చూడకుండా నేనే దాచాను. దాని బదులు అబ్బాయికి పెద్ద అక్షరాల కొత్త పుస్తకం కొనిచ్చి, గొప్ప పని చేశాననుకున్నాను.

తెరిస్తే మొదటి పాట నుంచీ ప్రతి తెలుగు వరస కింద పెన్సిల్‌తో బెంగాలీ అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మాటలు తెలుగువే. రాత మా అబ్బాయిది. సగం పుస్తకం దగ్గర రాతలు ఆగిపోయాయి.

ఆదివారాలు లెక్కేసుకున్నాను. కొత్త పుస్తకం ఇచ్చిన తర్వాతి ఆదివారం నుంచే కదా వాడు గేటు దగ్గర ఆగిపోయింది!

ఈ బెంగాలీ ఊళ్లో మనవాళ్ల పిల్లలందరికీ తెలుగు చెప్పి బతికినదాన్ని, సొంత కొడుకుని మాత్రం ఉద్యోగం వస్తుందని బెంగాలీ బడిలో వేశాను. ఇంట్లో దిద్దించబోయి, అక్షరాలు వంకర పోయాయని ఒకసారి చుట్టాల ముందు వాడి పుస్తకం విసిరేశాను. ఆ తర్వాత వాడు నా దగ్గర తెలుగు పుస్తకం పట్టలేదు. చర్చిలో పుస్తకం చూసి పాడుతుంటే, తెలుగు చదవడం వచ్చేసిందనుకున్నాను. పాపం, కోడలికి ఇందులో ఏం సంబంధం?

ఆదివారం గేటు దగ్గర ఆ పుస్తకం వాడి చేతిలో పెట్టాను. చాలాసేపు పేజీలు తిప్పాడు.

"నాన్నే పెన్సిల్ సెక్కి ఇచ్చేవోడు," అన్నాడు.

"మరి నాకెందుకు సెప్పనేదురా?"

"నువ్వు టీచరమ్మవి కదమ్మా. బయమేసినాది."

నలభై దాటిన మనిషి, రైలింజన్ల షెడ్డులో మెకానిక్కు. నాకు భయపడ్డాడట. తప్పు నాదేరా అనబోయాను, వేరే మాట వచ్చింది.

"లోపలికి రా. నాన్న సోటు కాళీగానే ఉంది," అన్నాను.

"ఇయ్యాల వద్దమ్మా."

నేనొక్కదాన్నే వెళ్లి కూర్చున్నాను. పాటలన్నీ అయిపోయాయి. నేను ఒక్కటీ పాడలేకపోయాను.

బైకు మీద తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం వాడి చొక్కా లోపలే ఉంది. దారిలో పూరీ గేట్ దాటాక, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అమ్మా, ఇంకా సగం పాటలున్నాయి. నువ్వు సదువు, నేను రాసుకుంటాను."

తల ఊపాను. వెనక కూర్చున్నాను కదా, వాడికి కనపడదని గుర్తొచ్చి, ఊఁ అన్నాను.