శనివారాలు మాత్రం రాని దద్దుర్లు

దురద మొదట అరచేతుల్లో మొదలైంది. అరచేయి దురద పెడితే డబ్బులొస్తాయంటారు కదా, ఉద్యోగం వచ్చేస్తుందేమో అని నవ్వుకుంటూనే పరుగెత్తాను. వనపర్తిలో మేము ప్రాక్టీస్ చేసే కాలేజీ గ్రౌండ్ అది. కానిస్టేబుల్ సెలెక్షన్‌లో ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తాలి. నేనూ, నాతో ఒకే గదిలో ఉండే సుజాతా రోజూ తెల్లవారగానే గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లం. ఆ రోజు రౌండ్లు ముగిసేసరికి నా మెడ, పొట్ట, తొడలు ఎర్రటి దద్దుర్లతో నిండిపోయాయి. చెవులు మండుతున్నాయి.

"గడ్డిల ఏదన్న పురుగు ముట్టిందేమోనే," అంది సుజాత.

నాకూ అదే నిజమనిపించింది. గదికి వచ్చి చన్నీళ్లు పోసుకున్నాను. కాసేపటికి అన్నీ అణిగిపోయాయి. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, "గొంగడితోని రుద్దుకో బిడ్డా, పోతయ్," అంది. మా ఇళ్లలో దద్దుర్లకు అదే మొదటి మందు. అద్దె గదిలో గొంగడి ఎక్కడ దొరుకుతుంది? దుప్పటితోనే రుద్దుకున్నాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాయి. ఈసారి పై పెదవి కూడా వాచింది. దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టర్ గారు చూసి "అర్టికేరియా" అన్నారు, సెట్రిజిన్ రాశారు. "దుమ్ము కావచ్చు, చెమట కావచ్చు, తిండి కావచ్చు. ఎప్పుడొస్తుందో గమనించుకో అమ్మా," అన్నారు. ఆ గమనించుకోవడమే నాకు ఇంకో జబ్బయింది. అన్నం తిన్నాక అరచేతులు చూసుకునేదాన్ని. చదువుకుంటూ మధ్యలో లేచి అద్దంలో పెదవులు చూసుకునేదాన్ని. సబ్బు మార్చాను, బట్టలు వేడినీళ్లలో ఉతికాను, గ్రౌండ్‌లో గడ్డి లేని పక్కన పరుగెత్తాను. కొన్ని రోజులు వచ్చేవి, కొన్ని రోజులు వచ్చేవి కావు. శనివారాలు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

శనివారం నేను ఒక్కపొద్దు ఉంటాను. చిన్నప్పటి నుంచి అమ్మతో పాటు అలవాటు. పొద్దంతా ఏమీ ముట్టకుండా సాయంత్రం దీపం పెట్టాకే తింటాం. ఈ సంగతి చెప్తే అమ్మ చేతులు జోడించింది. "చూసినవా? ఆంజనేయసామి ఆ ఒక్కనాడన్న కాపాడుతుండు." నేను కూడా నమ్మాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా నమ్మేదాన్ని.

అప్పుడే సుజాత ఫోన్‌లో ఒక ప్రకటన చూసింది. ఇంట్లోనే వేలు గుచ్చుకుని నాలుగు చుక్కల రక్తం పంపితే చాలు, ఒంటికి ఏ తిండి పడుతుందో ఏది పడదో చెప్పేస్తారట. దవాఖాన చుట్టూ తిరిగే పని లేదు. మంచం మీద కూర్చుని వేలు గుచ్చుకున్నాను. భయానికి రక్తం కూడా దాక్కున్నట్టుంది, ఎంత పిండినా రాలేదు. సుజాత వేలు పట్టుకుని పిండి, కార్డు మీద ఉన్న గుండ్రాలు నింపింది. కొరియర్‌లో పంపించాం.

రిపోర్టు ఫోన్‌కే వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో, సిగ్నల్ దీపాల మాదిరి. పాలు ఎరుపు. గుడ్డు ఎరుపు. గోధుమ, టమాట, కందిపప్పు, వంకాయ, అన్నీ ఎరుపే. బియ్యం, బెల్లం, పల్లీలు పచ్చ. ఇన్నేళ్లూ విషం తిన్నానా అనిపించింది. కానీ నిజం చెప్పాలంటే లోపల కొంచెం హాయిగా కూడా ఉంది. ఎవరో ఒకరు శత్రువుల పేర్లు చెప్పారు కదా.

ఆ రోజు నుంచి ఎర్రవన్నీ మానేశాను. పొద్దునా సాయంత్రం అన్నం, చింతపండు చారు. కొద్ది రోజుల్లోనే మెట్లెక్కితే ఆయాసం, పరుగులో వెనకబడటం మొదలైంది. నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, గిట్ల ఎండిపోయినవ్! ఇగ ఉరుకుతవా, పడిపోతవా?"

రిపోర్టు చదివి వినిపించాను. పచ్చ వాటి పేర్లు విన్నాక అమ్మ ముఖం వెలిగింది. మాకు నాలుగెకరాల మెట్ట చేనుంది. యాసంగిలో, అంటే రబీ పంటగా, నాయిన పల్లీలే వేస్తాడు. మా వైపు బుడ్డలంటారు. "మన చేన్ల బుడ్డలు పచ్చనే గద! ఇగ దిగులేంది?" అంది. వచ్చే వారమే పెద్ద డబ్బా నిండా పల్లి ముద్దలు చేసి పంపింది. పల్లి ముద్దలు అంతకుముందు కూడా ఉండేవి. పరుగుకు పోయేముందు డబ్బాలో ఉంటే ఒకటి నోట్లో వేసుకునేదాన్ని, అయిపోతే లేదు. ఇప్పుడు ఒకటి పోయి రెండయ్యాయి. "నీరసంల ఒక్కపొద్దు వద్దు, సామి ఏమనుకోడు," అని శనివారం కూడా మాన్పించింది. ఆ శనివారం మొదటిసారి దద్దుర్లు వచ్చాయి. సామికి కోపమొచ్చిందని ఇద్దరం భయపడ్డాం.

అసలు రోజు ఆ తర్వాత వచ్చింది. ముందురోజు నుంచి మోకాలు నొప్పిగా ఉంది. పొద్దున్నే పెయిన్‌కిల్లర్ మాత్ర, రెండు పల్లి ముద్దలు, గ్లాసెడు నీళ్లు. గ్రౌండ్‌లో రెండో రౌండ్‌కే అరచేతులు మండాయి. తర్వాత పెదవులు, నాలుక. గొంతులో ఎవరో గుడ్డ కుక్కుతున్నట్టు అనిపించింది. "సుజా" అని పిలిస్తే నా గొంతు నాకే వినబడలేదు. కళ్ల ముందు గ్రౌండ్ తెల్లగా అయిపోయింది. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. అమ్మకు ఎవరు చెప్తారు అనే ఒక్క ఆలోచనే ఉంది.

సుజాత ఆటో ఆపి, నన్ను ఎక్కించి, దవాఖానకు తెచ్చింది. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ నన్ను చూడగానే అరిచారు. "అనఫిలాక్సిస్! బీపీ పడిపోతుంది. అడ్రినలిన్ తీసుకురా, జల్ది!" ప్రాణం మీదికి తెచ్చే అలర్జీని అలా అంటారని తర్వాత తెలిసింది. తొడలో సూది దిగింది. గుండె దడదడలాడింది కానీ ఊపిరి లోపలికి పోయింది. అంత తియ్యటి గాలి ఎప్పుడూ పీల్చలేదు.

"ఏం తిన్నది?" అని డాక్టర్ సుజాతను అడిగారు.

"ఏం తినలేదు సార్. పరగడుపునే ఉరికింది. గీ రిపోర్టుల ఎర్రగున్నయి ఒక్కటి ముట్టది సార్," అంటూ సుజాత ఫోన్ చూపించింది.

"రిపోర్టు పక్కన పెట్టమ్మా. రేపటిదాకా ఇక్కడే ఉండాలి. తర్వాత హైదరాబాద్ పోయి అలర్జీ స్పెషలిస్ట్‌ను కలవండి. ఆలస్యం చేయొద్దు," అన్నారు.

సుజాత అబద్ధం చెప్పలేదు. మా ఇళ్లలో తినడమంటే రొట్టె తినడం, అన్నం తినడం. చాయ్‌తో పాటో నీళ్లతో పాటో చేతికందింది నోట్లో వేసుకుంటే అది తిన్నట్టు కాదు. పల్లీలైతే అసలు లెక్కలోకే రావు. వంకాయ కూర తిన్నానంటాం కానీ అందులో కలిపిన పల్లి పొడిని ఎవరూ చెప్పరు.

హైదరాబాద్ వెళ్లేదాకా గడిపిన రోజులు ఇప్పటికీ మరిచిపోలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగడానికి భయపడేదాన్ని. మింగాక గొంతు మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. ఇక పరుగు లేదు, ఉద్యోగం లేదు, ముందు ప్రాణం ఉంటే చాలని నాయిన ఫోన్‌లో అన్నాడు. ఆ మాటకు ఏడ్చాను. నాకు రెండూ కావాలి.

స్పెషలిస్ట్ ఒక పెద్దావిడ. రిపోర్టు తీసుకోలేదు, ముందు నన్నూ, తోడొచ్చిన అమ్మనూ కూర్చోమన్నారు. ఎప్పుడొస్తుందని అప్పటిదాకా అందరూ అడిగారు. ఆవిడ ఒక్కరే, "ఎప్పుడు రాదు?" అని అడిగారు.

నాకంటే ముందు అమ్మ అందుకుంది. "శనివారం రాదు మేడం. ఒక్కపొద్దున్ననాడు రాదు. సామి దయ."

"మిగతా రోజుల్లో ఏం తిని పరుగెత్తుతుంది?"

"ఏం తినది మేడం. పరగడుపునే పోతది."

"మంచినీళ్లు కూడా తాగదా?"

"నీళ్లు తాగుతది. గిన్ని నీళ్లు, పల్లి ముద్ద ఒకటో రెండో నోట్లేసుకుంటది. గంతే."

డాక్టర్ గారు రాయడం ఆపి తలెత్తారు. అమ్మ నా వైపు చూసింది. నేను నా అరచేతుల వైపు చూసుకున్నాను.

పరీక్షకు అడ్డొస్తుందని సెట్రిజిన్ ఆపి, ఆవిడ చెప్పిన గడువు తర్వాత నాయినను కూడా తీసుకుని మళ్లీ వెళ్లాం. స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశారు. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి గుచ్చారు. పాలు, గుడ్డు, గోధుమ, కందిపప్పు, నువ్వులు, వేటికీ ఏమీ కాలేదు. పల్లి చుక్క దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత ఉబ్బింది. రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష కూడా అదే చెప్పింది.

"మరి ఆ కిట్టుల పల్లీలు పచ్చనే ఉండె గద మేడం?" అని నాయిన అడిగాడు.

"ఆ కిట్ చూసింది ఐజీజీ అనే యాంటీబాడీని. ఆ తిండి ఒంటికి పరిచయమని చెప్తుంది, అంతే. అలర్జీకి చూడాల్సింది ఐజీఈ. ఆ కిట్‌లో ఎరుపు వచ్చిందని ప్రమాదం కాదు, పచ్చ వచ్చిందని భద్రమూ కాదు."

నాకొచ్చినదాన్ని ఫుడ్ డిపెండెంట్ ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ అనఫిలాక్సిస్ అంటారట. పేరు నా పరుగంత పొడుగుంది. పల్లీలు తిని ఊరికే కూర్చుంటే నాకేమీ కాదు. ఖాళీ కడుపుతో పరుగెత్తినా ఏమీ కాదు. తిని పరుగెత్తితేనే ఒళ్లు తిరగబడుతుంది. దానికి పెయిన్‌కిల్లర్ తోడైతే అగ్నికి ఆజ్యమే.

"అయితే ఉరికే ముందట తినకపోతే చాలా?" అని అమ్మ ఆశగా అడిగింది.

ఆవిడ నవ్వారు. "కొందరికి అది చాలు. మీ అమ్మాయి పోలీస్ అవుతానంటుంది కదా. తిన్నది అరిగేదాకా దొంగ ఆగడమ్మా. పల్లీలు పూర్తిగా మానాల్సిందే."

అందరం నవ్వాం. తిరుగు బస్సులో మాత్రం నాయిన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. జడ్చర్ల దాటాక మెల్లగా అన్నాడు, "మన చేను మనకే పడకపాయె." నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నీ చేనే కదా నాయినా నన్ను ఇంతదాకా చదివించింది అన్నాను. ఆయన తల ఊపాడు కానీ కళ్లు తుడుచుకోవడం ఆపలేదు.

మళ్లీ గ్రౌండ్‌లో అడుగు పెట్టిన రోజు గీత దగ్గరే నిలబడిపోయాను. డాక్టర్ గారు ఇచ్చిన అడ్రినలిన్ సూది ఉన్న సంచీ సుజాత మెడలో ఉంది. తొడలో ఎలా పొడవాలో ఆవిడ దగ్గరే నేర్చుకుంది. "పడిపోతే నేనున్న. ఉరుకవే!" అని వెనక నుంచి నెట్టింది. చెమట పట్టగానే దురదేమో అని ఆగాను. చెమటే. మళ్లీ పరుగెత్తాను, మళ్లీ ఆగాను. ఆగకుండా రౌండ్ పూర్తి చేయడానికి చాలా రోజులు పట్టింది. మహబూబ్‌నగర్‌లో ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షల రోజున ఎనిమిది వందల మీటర్లు గడువులోనే దాటాను. గీత దాటాక మొదట టైమ్ అడగలేదు, అరచేతులు చూసుకున్నాను.

రాతపరీక్ష అయింది, ఫలితాలు ఇంకా రాలేదు. పాలు, గుడ్లు, పప్పు తిని మళ్లీ మనిషినయ్యాను. భయం పూర్తిగా పోలేదు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు కూర్చుంటే కూరలో ఏం కలిపారోనని ఇప్పటికీ గుండె జారుతుంది. అడిగి తెలుసుకున్నాకే చెయ్యి పెడతాను.

ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కిట్ కోసం వేలు గుచ్చుకునే ముందు డాక్టర్ ముందు కూర్చుని, తిండిగా లెక్కపెట్టని తిండి కూడా చెప్పండి, తిన్నాక ఏం పని చేశారో అది కూడా చెప్పండి.

అమ్మ ఇప్పుడు పల్లి పొడి బదులు నువ్వుల పొడి వేస్తోంది, నూనె కూడా మార్చింది. నిన్న బస్సులో కూర డబ్బా పంపి ఫోన్ చేసింది. "వంకాయలు, పొద్దుతిరుగుడు నూనె, నువ్వుల పొడి, చింతపండు, ఎల్లిగడ్డ, కారం, ఉప్పు."

"ఉప్పు కూడా చెప్పాల్నా అమ్మా?"

"చెప్త బిడ్డా. చెప్పకనే గద గంత దూరం పోయొచ్చినవ్."