అక్క అడిగిన పొట్టికాళ్ల కుక్క

మా ఇంటికి వచ్చి చేరాక అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే. కుక్కపిల్ల. అదీ మా వైపు తిరిగే కుక్క కాదు. పొట్టికాళ్లు, నక్కమూతి, నిలబడ్డ పెద్ద చెవులు, గుండ్రటి వెనకభాగం, తోక అసలే లేని పరదేశపు కుక్క. దాన్ని కోర్గీ అంటారని తర్వాత నేను తెలుసుకున్నాను. అక్క మాత్రం "ఆ పీటలాంటి కుక్క" అనేది.

బావ పోయాక, అడవి లోపల భేజ్జి అవతలి ఊరి నుంచి ఆమెను నేనే తీసుకొచ్చాను. వాళ్లకు పిల్లల్లేరు. మాది మరైగూడ దగ్గర ఊరు, సరిహద్దు దాటితే తెలంగాణ. ఇంట్లో నేను, నా భార్య, అక్క. మా ఊళ్లో ఒకే అరుగు మీద దోర్లీ, గోండీ, తెలుగు, హిందీ కలిసి నడుస్తాయి. అక్కకు ఆ నాలుగూ వచ్చు, ఒక్కదానిలోనూ మాట్లాడేది కాదు. మోకాళ్లు అరిగిపోయి అడవికి రాలేదు. మేం పొద్దున పోతూ అరుగు మీద కూర్చోబెడితే, పొద్దుగూకి వచ్చేసరికి అదే చోట ఉండేది. పెడితే తినేది. పెట్టకపోతే అడిగేది కాదు.

"వదినె మనింట్ల లేదయ్యా," అని నా భార్య ఒకసారి అంది. "బస్టాండ్ల కూసున్నట్టు కూసుంటంది."

ఫోన్ టవర్ వచ్చాక ఇంట్లో ఒక ఫోన్ ఎప్పుడూ ఊరికే ఉండేది. ఒక మధ్యాహ్నం అది అక్క చేతిలో ఉంది. వంటింట్లో ఉన్న మాకు నవ్వు వినబడి ఇద్దరం బయటికి వచ్చాం. ఆ ఫోన్లో ఒక కుక్క మెట్టు ఎక్కబోయి, పొట్ట తగులుకుని, ముందుకూ వెనక్కూ పోలేక అట్లాగే ఉండిపోయింది. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. తర్వాత ఎన్ని రోజులు గడిచినా అదే కుక్కను చూసింది. ఆఖరికి అడిగింది.

"తమ్ముడా, ఇది మనకాడ దొరుకుద్దా?"

దొరకడం పెద్ద పని కాదు. దొరికింది మా దగ్గర బతుకుతుందా అన్నదే లెక్క.

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. బడి మూతపడ్డ కాలంలో బీడీలకు పోయే తునికాకు కల్లంలో కట్టలు లెక్కబెట్టే మున్షీ పక్కన కూర్చుని అంకెలు పట్టుకున్నాను. ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను. గోడకు ఇటుకలెన్ని పడతాయి, మడికి విత్తనమెంత అని ఊరివాళ్లు నన్నే అడుగుతారు. నా పద్ధతి ఒకటే. ఏ పనైనా మొదలుపెట్టే ముందు అది ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో అన్నీ వరసగా వేసుకుని చూస్తాను. ఏమైనా మిగిలితే చేస్తాను.

ఫోన్లో మొదట తగిలినవాడు ఫోటో పంపి, రేపే బస్సులో అట్టపెట్టెలో వేసి పంపిస్తానన్నాడు. తల్లిని చూపించమన్నాను. తల్లి వేరే ఊళ్లో ఉందన్నాడు. పిల్లకు ఎన్ని వారాలని అడిగితే "పాలు మానేసింది సార్" అన్నాడు. అది వారాల లెక్క కాదు. రెండు నెలలైనా నిండకుండా పిల్లను తల్లి నుంచి తీయకూడదని, నడుము నొప్పులు, తుంటి జబ్బులు ఆ జాతిలో వంశాన వస్తాయని, తల్లినీ తండ్రినీ పరీక్ష చేయించినవాళ్ల దగ్గరే తీసుకోవాలని అప్పటికే చదివి ఉన్నాను. ఫోన్ పెట్టేశాను.

"బర్రెను కొన్ననాడు గూడ ఇన్ని అడగలేదు గదయ్యా," అంది నా భార్య.

"బర్రె ఇక్కడిదే. దానికి మన ఎండ తెలుసు."

తర్వాత, ఎప్పుడు తేవాలన్నది చూశాను. మార్చి నుంచి ఇప్పపువ్వు ఏరడం. చీకటితోనే చెట్ల కిందికి పోవాలి. ఏప్రిల్ చివర, మేలో తునికాకు. ఊరు ఊరంతా అడవిలోనే ఉంటుంది, నేనైతే కల్లం వదలడానికే లేదు. అవి పోయాయి. వానలు మొదలైతే వాగులు పొంగి దారి తెగుతుంది. పిల్లకు జబ్బు చేస్తే దాటించేది లేదు. అవీ పోయాయి. దసరా అయ్యాక వరికోతల దాకా నేల ఆరి, గాలి చల్లగా ఉండే కొన్ని వారాలు మిగిలాయి. అప్పుడు తెస్తే వేసవి వచ్చేసరికి పిల్ల కొంచెం ఎదిగి ఉంటుంది. కానీ సరిగ్గా అప్పటికే దానికి రెండు పొరల బొచ్చూ పూర్తిగా వచ్చి ఉంటుంది. ఆ బొచ్చును కత్తిరించకూడదట.

అందుకని ఒక వేసవి ముందుగా కొలిచి చూద్దామనుకున్నాను. భద్రాచలం వెళ్లినప్పుడు గోడకు తగిలించే థర్మామీటర్ తెచ్చాను. కొత్తగా కట్టిన స్లాబు గది మధ్యాహ్నానికి రొట్టెల పెనం అవుతుంది, దాన్ని వదిలేశాను. పాత పెంకుల గదిలో తగిలించాను. తలుపుకు తడి గోనెపట్టా కట్టాను. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను, లేనప్పుడు నీళ్లు చల్లిన నేల.

ఈ పనిలోకి అక్క తనంతట తానే వచ్చింది. మేం అడవికి పోయాక గోనెపట్టా తడిపే పని ఆమె తీసుకుంది. మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని నడిచి, కుండలోంచి చెంబుతో ముంచి పోసేది. అంకెలు చదవడం రాదు. ఎర్రగీత ఎక్కడికి ఎక్కిందో అక్కడ గోడ మీద బొగ్గుతో చుక్క పెట్టి, నేను రాగానే చూపించేది.

"ఇయ్యాల దిగిందిరా. సూడు."

"దిగింది అక్కా. ఇంకా దిగాలె."

"నాకైతే సల్లగనే ఉంది."

"నీకు బొచ్చు లేదు గదా."

"ఉన్నకాడ ఊడిపాయె," అని తల తడుముకుంది. ఆ వేసవిలో ఆమె అన్నం అడిగి పెట్టించుకుంది. నా భార్య రోజూ గోనెపట్టా వైపు ఒకసారి చూసి అడవికి బయలుదేరేది.

బయట నలభై అయిదు దాటిన రోజుల్లో ఆ గదిలో ముప్పై ఎనిమిదికి తగ్గలేదు. కరెంటు పోయిన రోజు అంతకన్నా పైనే.

టీకాల సంగతీ అంతే. మాకు అందుబాటులో ఉన్నది పశువుల వైద్యమే. ఆవుకు గాలికుంటు వస్తే చూసేవాళ్లున్నారు. ఇట్లాంటి కుక్కకు కావాలంటే భద్రాచలం పోవాలి, వారాల తేడాతో మళ్లీ మళ్లీ పోవాలి, అవన్నీ అయ్యేదాకా పిల్లను నేల మీద వదలకూడదు. నేల మీద వదలకుండా పెంచిన జీవి మా ఊళ్లో ఇంతవరకు లేదు. నేల మీద పాకే పాములు సరే, అడవివైపు పాత బాటల్లో మట్టి కింద పాతినవి ఏం మిగిలి ఉన్నాయో ఇప్పటికీ మాకు తెలియదు. మేం ఆ బాటల్లో పోము, పశువులను పోనివ్వము. కొన్ని కాలు పెట్టి పేలుడుకు పోయాయి కూడా. కుక్కకు ఎట్లా చెప్పాలి? అది ఇల్లు దాటి పరిగెత్తితే వెనక పోయి పట్టుకునే కాళ్లు అక్కకు లేవు.

ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నాం. మా వైపు కుక్కపిల్లను ఇంటికి తేగానే చూరులోంచి ఒక గడ్డిపోచ లాగి, పిల్ల తోక ఎంతుందో కొలిచి, అంతమేర తుంచి, ఆ పోచను మళ్లీ చూరులో దోపుతారు. ఇక ఆ కుక్క ఆ ఇల్లు వదలదని నమ్మకం. నా భార్యకు అది గుర్తొచ్చింది.

"దీనికి తోకే లేదు. దేన్ని కొలుస్తవ్ వదినె? చెవులా?"

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

"తోక లేదనే అడిగిన," అంది.

మాకు అర్థం కాలేదు. నా భార్య ఇంకా సరదాగానే, "ఇదంతా ఏందయ్యా, కింది వాడలో ఇప్పుడు పిల్లలు పుట్టినయ్. బుజ్జి పిల్లలు. ఎండకు ఏంగావు. ఒకటి తెచ్చిస్తా," అంది.

"వద్దు," అంది అక్క.

"ఒకసారి సూడరాదు..."

"వద్దంటన్న గద."

లోపలి ఊళ్లలో ఒక కాలంలో కుక్కలు ఉండకూడదన్నారు. చీకట్లో తుపాకులతో ఊరి పక్కనుంచి పోయేవాళ్లను చూసి మొరుగుతాయి కాబట్టి. ఆ మాట ఎవరన్నారో ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పలకరు. ఎవరి కుక్కను వాళ్లే మందు పెట్టి తీసేయాలి. అక్కా బావా ఉండే ఊళ్లోనూ అదే జరిగిందని నాకు తెలుసు. వాళ్లకూ ఒక కుక్క ఉండేదని కూడా తెలుసు. అంతవరకే తెలుసు.

"మీ బావ నావల్ల గాదన్నడు," అంది అక్క. రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "రోజూ దానికి అన్నం పెట్టేది నేనే గద. ఆరోజు గూడ నేనే కలిపి పెట్టిన. నా చెయ్యి సూసి తోక ఊపుకుంట తిన్నది. తిన్నంక గూడ ఊపింది. ఎంతసేపు ఊపిందో."

నా భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"గప్పటిసంది తోకున్నదాన్ని సూడలేను. ఇది కుక్క లెక్క లేదు. అందుకే..." అని ఆపేసింది.

అప్పటిదాకా నేను ఒక వృద్ధురాలి ముచ్చటకు లెక్క వేస్తున్నాననుకున్నాను. మళ్లీ మొదటినుంచి వేశాను. ఈసారి ఎట్లాగైనా కుదరాలని వేశాను. అట్లా లెక్క వేయడం నాకు అలవాటు లేదు. వేసినా అంకె మారలేదు.

భద్రాచలంలో మందుల దుకాణం ఆయన ఒక నంబరు ఇచ్చాడు. హైదరాబాద్ శివార్లలో ఒకావిడ ఆ కుక్కలను ఇంట్లోనే పెంచుతుంది, ఎప్పుడో ఒక ఈత ఈనిస్తుంది, అడిగినవాళ్లందరికీ ఇవ్వదు. ఫోన్ చేశాను. ఆవిడ నన్ను పేరు అడగకముందే ఎండ గురించి అడిగింది. తర్వాత డాక్టరెంత దూరం, పగలు ఎవరుంటారు, కరెంటు పోతే ఏం చేస్తారు, పన్నెండేళ్లకు పైగా బతుకుతుంది కదా, మీ అక్కగారి తర్వాత ఎవరు చూస్తారు అని అడిగింది. అన్నీ నాకు నేను వేసుకున్న ప్రశ్నలే. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఖరిదానికి మాత్రం నేను చూస్తానన్నాను. అది నిజమే.

"వయసైన కుక్క ఏదైనా ఉంటే?" అని నేనే అడిగాను.

"వయసైనవాటికి ఎండ ఇంకా కష్టమండీ. మీరు చెప్పండి. మీరు నా చోట ఉంటే ఇస్తారా?" అంది.

పక్కగదిలో అక్క గోనెపట్టా మీద నీళ్లు పోస్తున్న చప్పుడు వస్తోంది.

"ఇవ్వనండి," అన్నాను.

"మీ నంబరు ఉంచుకుంటాను," అంది ఆవిడ.

కరెంటు నిలకడగా ఉండాలి, దగ్గరలో డాక్టరుండాలి, బాటల్లో మట్టి మంచిదని ఎవరైనా నమ్మకంగా చెప్పాలి. రోడ్డు పడుతోంది, టవర్ వచ్చింది, అవీ వస్తాయేమో. ఊరు ఆ స్థితికి వచ్చే ఏళ్లు ఒక వరసలో వేశాను, అక్కకు మిగిలిన ఏళ్లు ఇంకొక వరసలో. ఎంత ఉదారంగా వేసినా రెండూ ఎక్కడా తగల్లేదు. ఎండ సంగతి ఆ వరసలో వేయనే లేదు. అది ఏటా ఎక్కుతోంది.

అక్కకు చెప్పాను. మెల్లగా, ఒక్కొక్కటీ చెప్పాను. తల ఊపుతూ విన్నది.

"మల్లా ఒకదాన్ని నా చేత్తో సంపుకున్నట్టయితది. అంతేనా?"

ఆమె వేసిన లెక్క నాదానికంటే చిన్నది, అందులో తప్పు లేదు.

వరికోతలప్పుడు ఒక మధ్యాహ్నం హైదరాబాద్ ఆవిడే ఫోన్ చేసింది. పిల్లలు పుట్టాయట. "ఊరికే అడుగుతున్నానండీ. ఏమైనా మారిందా?" అంది. ఏమీ మారలేదన్నాను. కల్లంలో తాలు ఎగరబోస్తున్న నా భార్య చేట ఆపింది. నీడన కూర్చున్న అక్క ఎవరని అడిగి, ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపింది.

"తల్లి బాగున్నదామ్మా?" అంది ఫోన్లో. అవతలివైపు మాట విన్నది. "పాలు సాలుతున్నయా అన్నిటికి? ... ఆఁ. ... బలమైనవి ముందుకొస్తయ్. ఎనకపడ్డదాన్ని నువ్వే ఎత్తి పెట్టాలె." మళ్లీ విన్నది. "మాకొద్దు. సల్లగున్న కాడికియ్యి. అన్నీ ఒక్కకాడికే గాకపోయినా, సల్లగున్న కాడికే ఇయ్యి."

ఫోన్ నాకిచ్చేసింది. ఆ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు పొద్దున అరుగు మీద కూర్చోబెడితే పొద్దుగూకేదాకా అక్కడే ఉంటుంది. పెడితే తింటుంది. ఏం కావాలని నా భార్య రోజూ అడుగుతుంది.

"ఏమొద్దు," అంటుంది. మర్యాదగా, పరాయింట్లో ఉన్నట్టు అంటుంది.