మామిడి సొన అంటిన మూలమట్టం

మొన్న ఇబ్రహీంపట్నంలో, మా మనవరాలి కొత్త ఫ్లాట్‌లో వంటింటి అరలు బిగిస్తున్న కార్పెంటర్ సెల్‌ఫోన్‌ను చెక్క మూలకు ఆనించి, "నైంటీ ఉందండి, ఢోకా లేదు" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఇంటికెళ్లి మా మామగారి మూలమట్టం పట్టుకొచ్చి, "సగం బెజవాడకి దీంతోనే తలుపులు పెట్టానయ్యా" అన్నాను.

సగం బెజవాడ అబద్ధం. పెట్టింది ఒక్క తలుపు. అదీ మామగారు పెడుతుంటే నేను రెండో కొస పట్టుకున్నాను.

మామగారిది గన్నవరంలో వడ్రంగం. కొత్తల్లుణ్ణి కదా, ఆ వేసవంతా వాళ్లింట్లోనే మకాం. టేకు పొట్టు వాసన, చిత్రిక పడుతున్న చప్పుడు, గడపలోంచి పాకే ఎండ, అన్నీ కలిసి కునుకులా కమ్ముకునేవి. ఆయన మా కొత్త కాపురానికి తలుపు చేస్తున్నారు. చెక్క పిడికి అడ్డంగా ఇనపరేకు బిగించిన ఆ మట్టాన్ని మూలకు ఆనించి, వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవారు. "సందులోంచి వెలుగు రాకూడదు అల్లుడుగారూ."

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా, పెరటి మామిడి చెట్టు మీద రసం కాయ ఒకటి నన్ను ఊరించింది. చేతికందింది మట్టమే. విసిరాను. కాయను గీరుకుంటూ పోయి బావి చప్టా మీద ఠంగున పడింది. తుడిచి, ఆయన పనిముట్ల సంచిలో పెట్టేశాను.

తలుపు తయారైంది కానీ ద్వారబంధంలో కూర్చోలేదు. పైన వేలు దూరేంత సందు. మామగారు ఆ సందులో వేలు పెట్టి చూశారు. "మట్టం మా నాన్నగారిది, అది తప్పు చెప్పదు. నా కన్నే పోయింది" అని సంచి మూతి కట్టేశారు. ఇక పని మానేస్తానన్నారు. అన్నం కూడా సగంలోనే వదిలేశారు.

వెంటనే కాళ్ల మీద పడి ఒప్పుకున్నానని యాభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను. అదీ అబద్ధమే. మూడు రోజులు నోరు మెదపలేదు. నాలుగో రోజు, "ఒక్కసారి మట్టాన్ని తిరగేసి గీసి చూడండి మామగారూ" అని గొణిగాను.

ఆయన చెక్క పలక మీద ఒక గీత గీశారు. మట్టాన్ని బోర్లా తిప్పి, అదే చుక్క దగ్గర్నుంచి ఇంకోటి గీశారు. మట్టం సరిగ్గా ఉంటే రెండూ ఒకదాని మీదొకటి పడాలి. పడలేదు. పోనుపోను ఎడంగా విడిపోయాయి. మామగారు రేకును ముక్కు దగ్గర పెట్టుకుని, నల్లగా ఎండిన సొన మరకను గోటితో గీకారు.

"పోనీ, కాయైనా పడిందా అల్లుడుగారూ?"

"లేదండీ."

ఆ పూట ఆయన మారు వడ్డించుకుని తిన్నారు.

ఇప్పుడు ఆ మట్టం నా ఒళ్లోనే ఉంది. జరిగిందీ, నేను చెప్పేదీ ఒకే చుక్క దగ్గర బయలుదేరిన గీతలే. ఏడాదికేడాది వాటి మధ్య సందు పెరుగుతోంది, అందులోంచే ఆ వేసవి వెలుగు ఇంకా వస్తోంది.