రెండో జడ రిబ్బన్

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

జగదల్‌పూర్‌లో ఒక విద్యా సంస్థలో పనిచేస్తాను. సరిహద్దు బళ్లలో పిల్లలు ట్యాబ్‌లో చూసే తెలుగు పాఠాలు రాయడం నా పని. ఏ బొమ్మ ఎలా ఉండాలో కూడా నేనే రాసి పంపాలి. బొమ్మలు వేసే అతను రాయ్‌పూర్‌లో ఉంటాడు, ఇటు ఎప్పుడూ రాలేదు.

రెండో తరగతి కూడికల పాఠానికి ఒక పాప కావాల్సి వచ్చింది. నాగమణి అని పేరు పెట్టాను. ఒక జడకు ఎర్ర రిబ్బన్, ఇంకో జడకు ఆకుపచ్చ చీర పీలిక అని రాశాను. ఎందుకు రాశానో గుర్తులేదు. రోజంతా అలాంటివే రాస్తుంటాం.

పాఠం పిల్లలకు అర్థమవుతోందో లేదో చూడటానికి ఎర్రబోరు దగ్గర ఒక బడికి వెళ్లాం. బస్సులో ఆ దారిన పోవడమే తప్ప నేనక్కడ ఎప్పుడూ దిగలేదు. భోజనం వండే ఆమె గిన్నెలు కడుగుతూ ట్యాబ్ వైపు చూసింది. తడి చేతులతోనే వచ్చి పట్టుకుంది.

"ఏంది మేడం ఇది? నా బిడ్డ. ఆ పీలిక నేనే చింపి కట్టిన."

తర్వాత ఆ బడి సార్ చెప్పారు. ఆమె కూతురు నాగమణి పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయింది. చివరిసారి బడికి వచ్చిన రోజు పొద్దున, ఒక రిబ్బన్ పోగొట్టుకుందని తల్లి కొట్టింది. మళ్లీ తనే చీర చింపి జడకు కట్టింది. ఇంట్లో పాప ఫోటో ఒక్కటీ లేదు.

బొమ్మలతనికి పంపిన పాత మెయిల్ తీసి చూశాను. ప్రతి మాటా నేను రాసిందే.

"తియ్యకుండ్రి మేడం. దినాం చూసుకుంట," అందామె. సరేనన్నాను.

నెల తిరక్కుండానే హెడ్ ఆఫీసు నుంచి కబురు: జడలు ఒకేలా లేవు, రెండింటికీ రిబ్బన్ పెట్టండి. కారణం చెప్పి చూశాను, వినలేదు. నేనే మార్పించి పంపాను. బాధ వేయలేదు. అసలేమీ అనిపించలేదు. చల్లారిన టీ తాగేసి ఇంకో పాఠం తెరిచాను.

కొత్త పాఠం బడికి చేరిన రోజు ఆమె సార్ ఫోన్‌ నుంచి చేసింది. తిడుతుందనుకున్నాను.

"రెండో రిబ్బన్ దొరికిందా మేడం? ఏడ దొరికింది?"

"బళ్లోనే, బల్ల కింద," అన్నాను.

"ఉత్తగనే కొట్టిన," అని ఫోన్ పెట్టేసింది.

ఆ పీలిక సంగతి నా చేత ఎవరు రాయించారో ఇప్పటికీ తెలియదు. బల్ల కింద దొరికిందన్న మాట మాత్రం నేనే అన్నాను.